చలపతిరావు గారి అక్క

అమీర్‌పేటలో మా కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో ఉంటుంది. మెట్లెక్కి రాగానే ఎదురుగా రెండు టేబుళ్ళు. ఒకదాని దగ్గర నేను కూర్చుంటాను, రెండోదాని దగ్గర రత్నమాల మేడం. ఏ కోర్సు ఏ వారం మొదలవుతుంది, డెమో క్లాసు పొద్దున ఏడున్నరకా సాయంత్రమా, జావా నేర్చుకోవాలా పైథాన్ నేర్చుకోవాలా అని పిల్లలు అడుగుతుంటే చెప్పడం మా పని. ఎనిమిదేళ్ళ కిందట నేను చేరేనాటికే ఆవిడ అక్కడ పాతకాపు. నాకు అప్పుడు ఇరవై నాలుగు, ఆవిడకి యాభై.

చేరిన రెండో వారంలో ఆవిడకి ఫోనొచ్చింది. ఎదురుగా ఇద్దరు కుర్రాళ్ళు అప్లికేషన్లు నింపుతున్నారు. ఆవిడ కాసేపు విని, కళ్ళు మూసుకుని, ఫోన్‌లోకి "తకిట తకధిమి, తకిట తకధిమి" అని మొదలుపెట్టి రకరకాలుగా మారుస్తూ ఆగకుండా చెప్పుకుపోయింది. కుర్రాళ్ళు రాయడం ఆపి చూస్తున్నారు. ఫోన్ పెట్టేసి, ఏమీ జరగనట్టు, "ఫోటోలు రెండు కావాలి బాబూ" అంది.

"ఏంది మేడం అది?" అని అడిగాను.

"మా తమ్ముడికి రేపు కచేరీ. ఏడులో ముక్తాయింపు కావాలట."

నాకేమీ అర్థం కాలేదు. అప్పుడావిడ టేబుల్ మీద వేళ్ళతో వాయించి చూపించింది. ఏడు అంటే ఏడు దెబ్బల లెక్క. ఒకే ముక్కని మూడుసార్లు తిప్పి, చివరి దెబ్బ తాళం మొదట్లో పడేలా దించడమే ముక్తాయింపు. ఆ చివరి దెబ్బ పడగానే నాకు తెలియకుండానే తల ఊపాను. ఆవిడ నవ్వింది.

ఆవిడ తమ్ముడు చలపతిరావు పేరు సంగీతం తెలిసినవాళ్ళకి బాగా తెలుసు. మృదంగం వాయిస్తాడు. పాట పక్కన వాయించడం తగ్గించి, ఆఫ్రికా, జపాన్, ఈజిప్టు వాయిద్యకారులతో కలిసి ప్రదర్శనలు ఇస్తుంటాడు. మెట్రో స్టేషన్లో అతని ఫోటోతో పోస్టర్ చూశాను. ఆ పోస్టర్లో మనిషికి ఏం వాయించాలో మా ఆఫీసులో కూర్చుని ఈవిడ చెబుతుందంటే మొదట నమ్మలేకపోయాను.

మిగతా కథ మధ్యాహ్నం టిఫిన్ బాక్సుల దగ్గర ముక్కలుముక్కలుగా, ఏళ్ళ మీద విన్నాను.

వాళ్ళ నాన్న కామరాజు గారు తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ సంగీత పాఠశాలలో మృదంగం నేర్పేవాడు. పంజాగుట్టలో ఇరుకు సందులో రెండు గదుల ఇల్లు. మేడంకి పదకొండేళ్ళప్పుడు తల్లి పోయింది. అక్కనీ తమ్ముణ్ణీ ఒకే చాప మీద కూర్చోబెట్టి ఆయన పాఠం చెప్పేవాడు. చలపతి పాఠం మరిచిపోతే అక్క చేత వాయించి చూపించేవాడట.

ఆమెకి పంతొమ్మిదేళ్ళు వచ్చినప్పుడు పేరున్న గాయకుడొకాయన ఊళ్ళోకి వచ్చాడు. ఆయన వెంట వచ్చిన మృదంగ విద్వాంసుడికి జ్వరం. కబురొస్తే కామరాజు గారు కూతుర్ని తీసుకెళ్ళాడు. ఆమె పట్టుచీర కట్టుకుని, మృదంగం ఒళ్ళో పెట్టుకుని, శ్రుతి సరిచూసుకుంటోంది. గాయకుడు వచ్చి చూసి, తండ్రిని పక్కకి పిలిచాడు. గట్టిగా అనలేదు, కోపంగానూ అనలేదు.

"మాస్టారూ, పక్కన ఆడపిల్లని కూర్చోబెట్టుకుని పాడితే రేపు నన్నేమంటారు? అబ్బాయి కూడా వాయిస్తాడటగా. అతన్ని పిలవండి."

చలపతి మామూలు చొక్కాలో ప్రేక్షకుల్లో ఉన్నాడు. వాడికి పదిహేడేళ్ళు. తండ్రి కూతురి ఒళ్ళోంచి మృదంగం తీసి కొడుక్కిచ్చాడు. ఆమె కిందకి దిగి, వాడు లేచిన కుర్చీలోనే కూర్చుని తాళం వేసింది.

"నాన్న ఆయన మీద కోప్పడి ఉంటే బాగుండేది నవీనా. పోనీ నన్ను తిట్టినా బాగుండేది. నన్ను చూసి నవ్వాడు. ఏం ఫర్వాలేదులే అన్నట్టు" అంది మేడం నాతో.

ఆ తర్వాత ఇంట్లో ఆమె కచేరీ మాట ఎవరూ ఎత్తలేదు. సంబంధాలు వచ్చాయి, ఏవీ కుదరలేదు. తండ్రికి వండి పెట్టడం, ఉద్యోగం, తెల్లవారుజామున గంటన్నర సాధన. ఆ సాధనలో కొత్త జతులు కట్టేది. చలపతి వచ్చి విని పట్టుకెళ్ళేవాడు. పెళ్ళయి వేరే కాపురం పెట్టాక ఫోన్‌లో, ఆ తర్వాత వాట్సాప్‌లో.

"మీకు బాధనిపియ్యదా మేడం?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకూ? నా చేత్తో కాకపోయినా ఎక్కడో ఒకచోట మోగుతోంది కదా" అంది. అప్పట్లో నిజంగా అలాగే అనుకునేది.

రెండేళ్ళ కిందట కామరాజు గారిని పంజాగుట్టలోని ఒక ఆస్పత్రిలో చేర్చారు. ఎనభై దాటిన మనిషి, గుండె లయ తప్పింది. పదకొండు రోజులున్నాడు. చలపతిరావుకి బెంగళూరు, పుణే, గోవాల్లో వరసగా ప్రదర్శనలు. రోజూ ఫోన్ చేసేవాడు, డాక్టరుతో మాట్లాడేవాడు, "ఎల్లుండికల్లా వచ్చేస్తానక్కా" అనేవాడు. నేను ఆఫీసయ్యాక టిఫిన్ పట్టుకెళ్ళి ఇచ్చేదాన్ని. మంచం పక్కన గుండె చప్పుడు చూపే మెషీన్ కీచుకీచుమంటుండేది. అది సరిగ్గా నడిచేది కాదు. నాలుగుసార్లు కొట్టి ఒకసారి ఆగేది, మళ్ళీ మూడుసార్లు కొట్టి ఆగేది. నర్సుకి చెబితే, "డాక్టరుగారికి తెలుసమ్మా" అంది. మేడం కుడిచెయ్యి మోకాలి మీద ఆ లెక్కే వేస్తుండేది. ఆపుకోవాలని ఎడమచేత్తో పట్టుకోవడం కూడా చూశాను.

చలపతిరావు పన్నెండో రోజున వచ్చాడు. శవం ఇంటికొచ్చాక.

ఆ తర్వాత రెండు నెలలకి ఆవిడ ఒక నోట్‌బుక్ తెచ్చి చూపించింది. నాలుగు పేజీల నిండా జతులు. తకధిమి అని నాలుగు, ఒక ఖాళీ, తకిట అని మూడు, మళ్ళీ ఖాళీ. మొత్తం తొమ్మిది. అది పెరిగి, మెలికలు తిరిగి, చివరికి ఒక్కొక్క దెబ్బే తగ్గుతూ వచ్చి ఆగిపోతుంది. అంతకు ముందు ఆవిడ ఏదీ రాసిపెట్టుకోలేదు.

అప్పుడే చలపతిరావు ఫోన్. పంజాగుట్టలో పెద్ద ఆడిటోరియంలో ఆరు దేశాల వాయిద్యకారులతో కార్యక్రమం, చివర అందరూ కలిసి వాయించడానికి ఒకటి కావాలి. మేడం చాలా ఆలోచించి, అతను వచ్చినప్పుడు ఆ నోట్‌బుక్ ఇచ్చేసింది. ఇచ్చేటప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"ఈ ఖాళీలున్న చోట ఎవరూ చెయ్యి వెయ్యకూడదు చలపతీ. అది నాన్న."

"అలాగేనక్కా. ఈసారి నీ పేరు తప్పకుండా చెబుతాను" అన్నాడు. ఆవిడ అడగలేదు. అతనే అన్నాడు.

ఆ రోజు మేమిద్దరం ఆఫీసు నుంచి ఒక స్టేషన్ మెట్రోలో వెళ్ళాం. మూడో వరసలో చోటిచ్చారు. జపాన్ నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు మనిషెత్తు ఢంకాల మీద కర్రలతో కొడుతుంటే కుర్చీ కింద నేల అదిరింది. పశ్చిమ ఆఫ్రికా ఆయన తొడల మధ్య జెంబే పెట్టుకుని వట్టి చేతులతో వాయిస్తూ మధ్యలో నవ్వించాడు. ఈజిప్టు వాళ్ళ దర్బుకా డోలు, బ్రెజిల్ వాళ్ళ కంజీర లాంటి వాద్యం, మన మర్ఫా, డప్పులు కూడా ఉన్నాయి. ఢంకా ఆడవాళ్ళు వాయించినంతసేపూ మేడం ముందుకి వంగి వాళ్ళ భుజాలే చూసింది.

చివరి అంశానికి ముందు చలపతిరావు మైకు తీసుకున్నాడు.

"ఇప్పుడు వాయించబోయేది మా నాన్నగారి చివరి రచన. ఆస్పత్రి మంచం మీద, ఆఖరి రోజుల్లో, నా చెయ్యి పట్టుకుని ఒక్కొక్క అక్షరమే చెప్పి నాకు నేర్పారు" అన్నాడు.

నేను మేడం వైపు తిరిగాను. ఆవిడ స్టేజీ వైపే చూస్తోంది.

వాళ్ళు అద్భుతంగా వాయించారు. అబద్ధమెందుకు చెప్పాలి. ఖాళీ దగ్గర అన్ని వాయిద్యాలూ ఒక్కసారి ఆగిపోయేవి. చివరికి ఒక్క దెబ్బ మిగిలి అదీ ఆగిపోయింది. ఆ తర్వాత జనం లేచి నిలబడ్డారు. నా పక్కనున్నాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"మేడం, గిదేంది? గాయన ఆస్పత్రికి రానే లేదు గదా! గట్లెట్ల చెప్తడు?"

"పద" అంది మేడం.

స్టేజీ వెనక గదిలో చలపతిరావు చుట్టూ జనం. అక్కని చూడగానే చేతులు చాచి వచ్చాడు.

"నువ్వు ఆ గదిలోకి రానేలేదు కదరా" అంది ఆవిడ.

అతను గొంతు తగ్గించాడు. "ఇక్కడ కాదక్కా."

"మరెక్కడ?"

"జనానికి ఒక కథ కావాలక్కా. మా అక్క నోట్‌బుక్కులో రాసిచ్చిందంటే ఎవరు వింటారు? నాన్న పేరేగా చెప్పాను, పరాయివాడి పేరు కాదుగా. నాన్నకి అంతమంది లేచి నిలబడితే నీకు సంతోషంగా లేదా?"

సంతోషంగా లేదని మేడం అంటే తండ్రికి గౌరవం వద్దన్నట్టు అవుతుంది.

అంతలో జెంబే వాయించిన ఆయన వచ్చాడు. అక్క అని తెలిసి ఆవిడ చెయ్యి అందుకుని, వేళ్ళ చివర కాయలు కాసిన చోటు తడిమి చూసి, మీరు కూడా వాయిస్తారా అని ఇంగ్లీషులో అడిగాడు.

"ఇంట్లో సరదాగా" అన్నాడు చలపతిరావు.

రోజూ పిల్లలతో మాట్లాడే ఇంగ్లీషే కాబట్టి మేడం తడబడలేదు. "ఇప్పుడు మీరంతా వాయించింది నేను కట్టిందే" అంది.

ఆయన చలపతిరావు వైపు చూశాడు. చలపతిరావు అక్క భుజం చుట్టూ చెయ్యి వేశాడు. "మా అక్కకి నాన్నంటే ప్రాణం. ఆయన పోయాక ఇంకా తేరుకోలేదు" అన్నాడు. ఆ పెద్దమనిషి ముఖం జాలిగా మారింది. ఆవిడ చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని, ఊరడింపుగా తట్టి, వదిలేశాడు.

పోస్టర్లో పేరు లేకపోతే ఆవిడ ఓర్చుకునేది. ముప్ఫై ఏళ్ళకి పైగా ఓర్చుకుంది. ఆ తట్టడం ఓర్చుకోలేకపోయింది. మర్నాడు ఆఫీసులో నా పక్కన కూర్చుని నిర్వాహకులకి ఉత్తరం చెప్పింది, నేను టైప్ చేశాను. ఆధారాలు పంపమన్నారు. వాట్సాప్‌లో ఆవిడ గొంతుతో నలభైకి పైగా ముక్కలున్నాయి, అన్నీ పంపించాం. పన్నెండు రోజులకి జవాబొచ్చింది. ఇది మీ కుటుంబ విషయం, మీలో మీరే తేల్చుకోవాలని.

కుటుంబంలో తేల్చేశారు. వాళ్ళ పిన్ని ఫోన్ చేసి, "ఒక్కగానొక్క తమ్ముడు. వాడు పైకొస్తే ఓర్వలేకపోతున్నావా?" అంది. మేడం వివరించబోయింది. పిన్ని పెట్టేసింది.

ఆ మరుసటి ఏడు మహిళా దినోత్సవానికి ఒక సంస్థవాళ్ళు ఆవిడని పిలిచారు. మృదంగం వాయించే ఆడవాళ్ళు అరుదు కదా అని. కార్డు నేనే ముందు చూశాను. 'ప్రఖ్యాత విద్వాంసులు చలపతిరావు గారి సోదరి' అని పెద్ద అక్షరాల్లో, కింద ఆవిడ పేరు.

"పోవద్దు మేడం" అన్నాను.

"నాకు యాభై ఏడేళ్ళు. ఇంకెవరు పిలుస్తారు నవీనా?"

పది నిమిషాలిచ్చారు. ఆ తొమ్మిది దెబ్బల రచనే వాయించింది. సభలో యాభై మంది ఉంటారేమో. అతని కన్నా బాగా వాయించిందని నేనంటే నాకు సంగీతం తెలియదంటారు. కానీ ఆ మెషీన్ చప్పుడు విన్నదాన్ని, నాకు తెలుసు.

అయిపోయాక ఒక పెద్దాయన దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టాడు. "తమ్ముడి దగ్గర బాగా నేర్చుకున్నారమ్మా. ఆ రచన వీడియోలో విన్నాను. కొంచెం తేడా ఉంది గానీ, చాలావరకు పట్టేశారు."

"కాదండీ" అంది మేడం. ఆయన ఇంకేదో వినడానికి నిలబడ్డాడు. ఆవిడ మృదంగానికి గుడ్డ కప్పింది.

తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో ఒక్కటే అడిగింది. "నాన్న బతికుంటే నిజం చెప్పేవాడంటావా?" నేనేదో అనబోయాను. "చెప్పడు" అని ఆవిడే అంది.

మొన్న జూన్‌లో అడ్మిషన్ల రద్దీలో ఆవిడ ఫోన్ మోగింది. చలపతిరావు. ఏడాదిపైగా మాటల్లేవు. ఆవిడ చేతిలో అప్లికేషన్లున్నాయి, స్పీకర్ నొక్కి టేబుల్ మీద పెట్టింది.

"ఎలా ఉన్నావక్కా? కొరియా వాళ్ళతో ప్రోగ్రాం ఒప్పుకున్నాను. పదకొండులో ఏదైనా ఉందా నీ దగ్గర? ఈసారి నీ పేరు నేనే..."

"ఉంది" అంది మేడం. "మూడు నెలల నుంచి కడుతున్నాను, బాగా వచ్చింది. ఇవ్వను."

ఫోన్ కట్ చేసి, "నెక్స్ట్" అని లైన్లో ఉన్న అమ్మాయిని పిలిచింది.

కొరియా వాళ్ళ ప్రోగ్రాం బాగానే జరిగిందట, పేపర్లో వేశారు. అతనికి ఇంకెవరో దొరికి ఉంటారు. ఆ పదకొండు వినిపించమని ఆవిడని రెండుసార్లు అడిగాను. తర్వాత చూద్దాంలే అంది. సాధన కూడా మానేసిందని, తెల్లవారుజామున ఇప్పుడు నిద్రపోతోందని ఈమధ్యే తెలిసింది. రాసిపెట్టారా అని అడిగితే, లేదంది.