చెవుల డబ్బా

నాకు టీబీ వచ్చినప్పుడు మా అమ్మాయికి ఇంకా పళ్ళు రాలేదు. చంటిదాన్ని నా దగ్గర ఉంచకూడదన్నారు డాక్టర్లు. మా అక్క వచ్చి దాన్ని ఫలక్‌నుమాలో తన ఇంటికి తీసుకుపోయింది. నేను కొన్నాళ్ళు ఆస్పత్రిలో, కొన్నాళ్ళు ఇంట్లో సూదులు పొడిపించుకుంటూ పడి ఉన్నాను. ఆ సూదులు నా ప్రాణం నిలబెట్టాయి, నా చెవులు తీసుకుపోయాయి. దానికి నాకు ఎవరి మీదా కోపం లేదు. ఆ జబ్బుతో పోయినవాళ్ళు మా వాడకట్టులోనే ఉన్నారు. బతికి ఈ మాటలు రాస్తున్నానంటే ఆ సూదుల పుణ్యమే. కోపం వచ్చేది వేరే సంగతికి. నా బిడ్డ ఇంటికి తిరిగి వచ్చేసరికి గలగలా మాట్లాడడం నేర్చుకుని వచ్చింది. ఆ మాటల్లో ఒక్కటీ నాకు వినపడదు.

బొత్తిగా వినపడదని కాదు. గట్టిగా అరిస్తే ఎవరో కుండలో తల పెట్టి మాట్లాడినట్టు ముద్దగా ఒక శబ్దం వచ్చేది. అందులో మాట మాత్రం తెలిసేది కాదు. సన్నటి శబ్దాలన్నీ పోయాయి. పోపు చిటపటలు పోయాయి, గాజుల గలగల పోయింది. ఆస్పత్రిలో జేబులో పెట్టుకునే చెవి మిషన్ ఒకటి పెట్టి చూశారు గానీ, ఆ ముద్ద శబ్దమే మరింత పెద్ద ముద్దయింది తప్ప లాభం లేకపోయింది.

అమ్మాయికి నాలుగేళ్ళు దాటాయి. దారినపోయే వాళ్ళను కూడా ఆపి ముచ్చట్లు పెట్టేది. దాని పెదవులు కదులుతూ ఉండడం గుమ్మంలో నుంచి చూసేదాన్ని. నా దగ్గరికి రాగానే నోరు మూసేసి చేతులు ఎత్తేది. ఆకలైతే ఐదు వేళ్ళు నోటి దగ్గర, నిద్రొస్తే అరచెయ్యి చెంప కింద. "మీ అమ్మకు వినరాదు బిడ్డా, చేతులతోటి చెప్పాలె" అని మా అక్క మంచికే నేర్పి పంపింది. పిల్ల ఆ పాఠం ఒక్క రోజు కూడా తప్పలేదు. దాని గొంతు ఎట్లా ఉంటుందో నేనే ఊహించుకునేదాన్ని. సన్నగా, తియ్యగా ఉంటుందనుకున్నాను. ఒక్కసారి ఆ గొంతు వింటే చాలు, ఇంకేమీ వద్దని దేవుణ్ణి అడిగేదాన్ని. అడిగేదాన్నని మర్యాదకు అంటున్నాను, నిజానికి పోట్లాడేదాన్ని.

అప్పట్లో మేం మొఘల్‌పురాలో ఒక పాత ఇంటి ముందరి రెండు గదుల్లో అద్దెకు ఉండేవాళ్ళం. లోపలి వాకిలి దాటితే ఇంటి యజమానురాలు ఉండేది. మేమంతా ఆమెను ఖాలా, అంటే పిన్నమ్మ, అని పిలిచేవాళ్ళం. మా ఆయన టెలిఫోన్ల శాఖలో పని చేసేవారు. వైర్లు, రేకు ముక్కలు, పాత రేడియో భాగాలు లేని మూల మా ఇంట్లో ఒక్కటి కూడా ఉండేది కాదు. పెళ్ళికి ముందు నేను రేడియోలో పాటలు, నాటకాలు వదలకుండా వినేదాన్నని ఆయనకు తెలుసు. ఒకరోజు అమ్మాయి పలక తీసుకుని దాని మీద రాసి చూపించారు: "పాటలన్న వినేటట్టు చేస్త."

గురువారం పాత సామాన్లమ్మే జుమేరాత్ బజార్‌కు సైకిల్ మీద పోయి, పటాలంలో వాడి పారేసిన బరువైన నల్ల హెడ్‌ఫోన్ ఒకటి తెచ్చారు. అల్యూమినియం రేకు వంచి, దానికి రంధ్రాలు చేసి, గాజు బుడ్డీల్లాంటి రెండు వాల్వులు నిలబెట్టారు. రేడియోలోంచి ఒక తీగ ఈ డబ్బాలోకి, డబ్బాలోంచి ఒక తీగ హెడ్‌ఫోన్‌కు. స్విచ్ వేస్తే వాల్వుల్లో ఎర్రటి వెలుగు మెల్లగా వచ్చేది. అవి వేడెక్కేదాకా కాచుకోవాలి. లోపల తిరిగే కరెంటు మనిషిని చంపేంతదట. అది నా తల దాకా రాకుండా మధ్యలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేదాకా హెడ్‌ఫోన్‌ను నన్ను ముట్టుకోనివ్వలేదు.

ముందు అంతా గుయ్యిమనే మోతే. మా ఆయన దాని వెంట పడ్డారు. కరెంటును నిలవచేసే కండెన్సర్ పెద్దది వేశారు, వాల్వులను వేడి చేసే తీగలు రెంటినీ జడలా మెలిపెట్టారు, ట్రాన్స్‌ఫార్మర్‌ను తిప్పి తిప్పి చివరికి డబ్బాకు ఇంకో మూలన బిగించారు. మోత పోయింది. ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని తల ఊపారు. మొహంలో పెళ్ళినాటి కళ వచ్చింది. తర్వాత నా తలకు పెట్టారు. అదే కుండ, అదే ముద్ద. ఇంకాస్త శుభ్రమైన ముద్ద.

ఆయన పట్టు వదల్లేదు. రోజూ ఏదో ఒకటి మార్చడం, తను వినడం, బాగుందని తల ఊపడం, నాకు పెట్టడం, నేను పెదవి విరవడం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అన్న మాట మా ఇంట్లో మూడు పూటలా జరిగేది. చివరికి నాకు రోషం వచ్చింది.

"ఏమయ్యా, గీ డబ్బ ఎవరి కోసం కడ్తున్నవు? నీ చెవులకు మంచిగుంటే నాకేమొస్తది? చెవులు నావి. జర జరుగు, నేను చూస్త" అన్నాను.

ఆయన జరిగారు. ఎందరు మగవాళ్ళు జరుగుతారో నాకు తెలియదు, మా ఆయన జరిగారు. తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ నా చేతికిచ్చి, ఎట్లా పట్టుకోవాలో చూపించారు. స్విచ్ తీసేసినా కండెన్సర్లో కరెంటు దాక్కుని ఉంటుందని, ముందు దాన్ని దించాకే లోపల చెయ్యి పెట్టాలని పలక మీద రాసి, ఆ మాట కింద గీత కొట్టారు. వేలు కాల్చుకున్నాను, చీర కొంగుకు చిల్లు పెట్టుకున్నాను. కానీ అసలు సంగతి పట్టుబడింది. ఒక వాల్వు నుంచి ఇంకో వాల్వుకు శబ్దాన్ని దాటించే చిన్న కండెన్సర్ ఒకటుంది. అది ఎంత చిన్నదైతే లావు శబ్దాలు అంతగా తగ్గుతాయి, సన్నటివి నిలుస్తాయి. నాకు మిగిలింది లావు శబ్దాలే, కావలసింది సన్నటివి. ఆయన తన చెవికి ఇంపుగా ఉండాలని ఇన్నాళ్ళూ లావు శబ్దాన్నే పెంచుతూ వచ్చారు.

నేను ఒక్కొక్కటే చిన్నది వేస్తూ పోయాను. ఆయన వింటూ మొహం చిట్లిస్తూ పోయారు. చివరికి హెడ్‌ఫోన్ తీసి కింద పెట్టి, నోరు బాగా తెరిచి, నాకు పెదవులు తెలిసేటట్టు అన్నారు: "థూ! రేకు మీద మేకు గీకినట్టున్నది."

"ఉండనీ, దాన్ని ముట్టకు" అని పెట్టుకున్నాను. రేడియోలో ఎవరో ఏదో చెబుతున్నారు. ముద్ద కాస్త విడింది. అందులోంచి ఒక మాట బయటికొచ్చింది. పత్తి. మార్కెట్ ధరలు చెబుతున్నారు. జబ్బు పడ్డాక నేను విన్న మొదటి మాట అదే. పత్తి, పత్తి అంటూ ఏడ్చాను. మా ఆయనకు పాటలంటే ప్రాణం. అలాంటి మనిషి నా కోసం తన చెవికి ములుకుల్లా గుచ్చుకునే శబ్దాన్ని రోజూ కూర్చుని పరీక్షించేవారు. ఆయన నాకు నగలు చేయించలేదని మా వాళ్ళు ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

మెల్లగా పాటలూ అందాయి. అట్లా వాటిలో పడి ఉండగా మొహర్రం నెల పొడుపు కనిపించింది. మా గల్లీలో ఒక వాడుక ఉంది. ఎవరూ చెప్పకుండానే, ఏ ఇంటివాళ్ళయినా సరే, ఆ పది రోజులు రేడియో మీద గుడ్డ కప్పేవాళ్ళు. ఖాలా వాళ్ళింట్లో ఆడవాళ్ళంతా నల్లబట్టలు కట్టి, మజ్లిస్‌లో కూర్చుని శోకం పెడుతుంటే, గోడకు ఇవతల పాటలేమిటి? మేమూ గుడ్డ కప్పాం. ఖాలా అది చూసి వచ్చి, తన చెవులు తట్టుకుని, చెయ్యి ఊపింది. "పహన్ లే బేటీ, బాహర్ కిస్కో సునాయీ దేతా" అన్నదని తర్వాత మా ఆయన చెప్పారు. పెట్టుకో, బయట ఎవరికి వినపడుతుంది, అని. ఆమె పెద్ద మనసు ఆమెది. నాకు మాత్రం మనసొప్పలేదు. గోడ అవతల వాళ్ళు గుండెలు బాదుకుంటుంటే చెవుల్లో దొంగచాటు పాట పెట్టుకుని ఎట్లా కూర్చుంటాను?

కూర్చోలేదు. కానీ రెండు రోజులకే మళ్ళీ చిరాకు మొదలైంది. వినడం అలవాటయ్యాక వినకపోవడం మొదటికన్నా కష్టం. మా ఆయన అన్నం తింటుంటే ఎదురుగా నిలబడి అడిగాను: "రేడియో బందువెడ్తె గీ డబ్బ ఉత్తదేనా? పాటలకే అడ్డు గని మాటలకు లేదు గద? నీ మాట గిండ్లకు రాదా?"

ఆయన ముద్ద నోటి దగ్గరే ఆపేశారు. ఇన్ని నెలలు ఇద్దరం పాటల కోసమే ఆ డబ్బాను కట్టాం. మనిషి మాటను అందులో పెట్టాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. రేడియో మాట్లాడుతుండగా వేరే దారి ఉందని ఎట్లా తోస్తుంది? ఆ గల్లీ మర్యాద రేడియో నోరు మూయించబట్టే మాకు బుద్ధి వచ్చింది. అందుకు ఆ గల్లీకి నేను రుణపడి ఉన్నాను.

మైకు ఒకటి వచ్చింది. మైకులో శబ్దం బలహీనమని ముందర ఇంకో వాల్వు పెట్టాల్సి వచ్చింది. దాంతో మోత మళ్ళీ తయారైంది. పైన జాలీ అల్లిన వైరు వేసి దాన్ని అణిచాం. ఆయన మైకు దగ్గర కూర్చుని "వినొస్తుందా?" అన్నారు. వినొచ్చింది. రేకు మీద మేకు గీకినట్టే, కానీ ఆయన మాటే. ఖాలా మజ్లిస్ మధ్యలో తీరిక చూసుకుని నల్లబట్టల్లోనే వచ్చింది. దానికి "కాన్ కా డబ్బా", అంటే చెవుల డబ్బా, అని పేరు పెట్టి, మైకులోనే నా మేలు కోరి దువా చేసింది.

ఇక మిగిలింది అమ్మాయి. మైకు దాని ముందు పెట్టి, నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన "మాట్లాడు బిడ్డా" అన్నారు. అది మైకును చూసింది, నన్ను చూసింది, ఐదు వేళ్ళూ నోటి దగ్గర పెట్టి ఆకలని చూపించింది. అందరూ నవ్వారు. ఎంత బతిమాలినా అంతే, నా మొహం కనిపిస్తే దానికి చేతులే లేచేవి. నాకు నవ్వు రాలేదు. వంటింట్లోకి పోయి బాగా ఏడ్చాను. లోకమంతటితో మాట్లాడే పిల్లకు నాతో చెప్పుకునే మాట ఒక్కటీ లేదనుకున్నాను.

మొహర్రం ముగిసిన తర్వాత ఒక మధ్యాహ్నం. వాకిట్లో ఎవరైనా పిలిస్తే తెలియాలని మైకును నా వెనక, గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించుకుని, గోడ వైపు తిరిగి చేటలో బియ్యం ఏరుతున్నాను. అమ్మాయి వచ్చి, రోజూలాగే నా వీపుకు తన వీపు ఆనించి కూర్చుంది. అది దానికి అలవాటు. బద్ధకం అనుకునేదాన్ని.

చెవుల్లో ఒక గొంతు మొదలైంది. సన్నగా లేదు, తియ్యగా లేదు. కాస్త బొంగురుగా, ముసలమ్మ తీరుగా ఉంది.

"అమ్మా, గియ్యాల ఏమైందో ఎర్కనా? ఖాలా వాళ్ళ మేకపిల్ల నా గౌను నమిలింది. నేనేం కొట్టలే, చిన్నది గదా. నిన్న చెప్పిన చూడు, గా పిల్ల, మల్ల నాతోటి దోస్తీ అయింది. నా చెప్పు తెగింది, బాపుకు చెప్పకు. నువ్వైతే ఎవ్వరికి చెప్పవు."

చేట మీద నా చేతులు ఒక్క క్షణం ఆగాయి.

"అమ్మతోటి ఏం ముచ్చట వెడ్తవే, ఆమెకు వినరాదు గదా అన్నది ఖాలా. చెవులే ఖరాబైనయి, వీపు మంచిగనే ఉన్నది అని చెప్పిన."

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే అది నోరు మూసి చేతులు ఎత్తుతుంది. చేటలో రాళ్ళు ఎప్పుడో అయిపోయాయి. అయినా అది చెప్పడం అయ్యేదాకా తల వంచుకుని బియ్యం ఏరుతూనే కూర్చున్నాను.