ఊర్లో లేడన్నాను

ఫ్యాక్షన్ గొడవలు ముదిరిన రోజులవి. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. మా ఆయన బడుల్లో కంప్యూటర్లు బాగుచేసేవారు. అదే పని చేసే ప్రొద్దుటూరు, పులివెందుల వాళ్లూ ఆయనా ఒకరికొకరు సాయపడేవారు. మర్నాడు బడిలో తనిఖీ అనగా కంప్యూటర్లు మొరాయిస్తే వాళ్లను పిలిచారట. నాకు చెప్పలేదు.

మిట్టమధ్యాహ్నం జీపు దిగిన ముగ్గురు, "అక్కా, సారుండాడా?" అన్నారు. కొత్తవాళ్లు ఇంటి మగవాళ్లను అడిగితే లేరనడమే అప్పట్లో మా ఆడవాళ్ల అలవాటు.

"ఊర్లోనే లేడప్పా" అని తలుపేశాను.

"రోంత నీళ్లన్నా ఇయ్యక్కా" అన్నా తీయలేదు.

పెరట్లో స్నానం చేస్తున్న ఆయన, నేను చెప్పిన సంగతి విని, తడి తువ్వాలుతోనే పరుగెత్తి జీపును ఆపారు.

తలదించుకుని నీళ్లిచ్చాను. పులివెందులాయన, "మా యమ్మ గూడా ఇట్లనే చెప్తాది లేక్కా" అని చెంబందుకున్నాడు.

సాయంత్రానికి కంప్యూటర్లు నడిచాయి. అతను నన్ను తిట్టి ఉంటే ఇంత సిగ్గుపడేదాన్ని కాదు.