శాలువా అత్తయ్య

మా మేనత్తకు చలి వేయదు. ఎప్పుడూ ఎదుటివాళ్ళకే వేస్తుంది. ఎండ మండిపోతున్నా సరే, గుమ్మంలో శాలువా కప్పందే ఎవరినీ లోపలికి రానివ్వదు. వాళ్ళ పోస్ట్‌మ్యాన్‌కు జరిగినన్ని సన్మానాలు పేరున్న కవులకు కూడా జరిగి ఉండవు. ఓసారి ఫ్రిజ్ తెరిచి, లోపల పేరుకున్న మంచు చూసి, "అయ్యో, గడ్డకట్టుకుపోయావే తల్లీ!" అని దానికీ దుప్పటి కప్పింది.

మతిమరుపు జబ్బు వచ్చాక అత్తయ్యకు వేడి, చలి, నొప్పి అన్నీ చిరునామా తప్పాయి. పొగలు కక్కే టీని గటగటా తాగబోతుంది. నా కప్పులో చల్లారిన టీని మాత్రం ఊది ఊది ఇస్తుంది. అందుకే కోడలు స్నానం నీళ్ళలో తన మోచెయ్యి ముంచి చూశాకే పోస్తుంది.

"చెయ్యి తియ్యవే, కాలుతుంది!"

"గోరువెచ్చగానే ఉన్నాయత్తయ్యా."

"నువ్వట్లాగే అంటావు, మొండిదానా!"

మొన్న నేను వెళ్ళేసరికి అత్తయ్య కోడలి కుడి మణికట్టుకు బామ్ రాస్తోంది. "ఎంత నొప్పిగా ఉందో, పాపం!"

"నాకేం లేదు మొర్రో అంటే వినరు," అంది కోడలు. "పొద్దుట్నుంచీ ఇదే వరస."

నవ్వబోయి ఆగాను. అత్తయ్య ఎడమచేత్తో రాస్తోంది. ఒళ్ళో ఉన్న కుడిచేతి మీది శాలువా తొలగిస్తే, మణికట్టు నల్లగా కమిలి, రెండింతలు వాచి ఉంది.

"ఎక్కడ పడ్డావత్తయ్యా?"

"నేనా? నేనెందుకు పడతాను?"

కోడలు పక్కగదిలోకి పరుగెత్తింది. బీరువా ముందు స్టూలు బోర్లాపడి ఉంది. "పొద్దున ప్లంబర్ తడినేల మీద పడుకుని సింకు బాగుచేస్తుంటే, రగ్గు తెచ్చి కప్పారు. బీరువా మీది రగ్గు ఎలా అందిందా అని నాకు తట్టనేలేదు!"

ఎముక చిట్లిందన్నాడు డాక్టర్. "వీళ్ళకు నొప్పి ఉంటుంది. ఉందని చెప్పడమే తెలియదు. మాట కోసం చూడకండి, మనిషిని చూడండి." తర్వాత అత్తయ్య వైపు తిరిగాడు. "నొప్పిగా ఉందా అమ్మా?"

"దాన్నడగండి. మొహం ఎలా వాడిపోయిందో!"

మాత్ర ఇస్తే మూతి బిగించింది. కోడలు కళ్ళు తుడుచుకుని, తన మణికట్టు పట్టుకుంది.

"అబ్బా, నిజమే అత్తయ్యా, ప్రాణం పోతోంది. మీరు వేసుకుంటేనే నేనూ వేసుకుంటాను."

"చూశారా, ఇప్పటికి ఒప్పుకుంది!" అత్తయ్య మాత్ర గుటుక్కున మింగింది. "దానికీ కట్టు కట్టండి."

డాక్టర్ కోడలి చేతికీ కట్టు కట్టాడు. ఇంటికొచ్చాక కోడలు ఆ కట్టు విప్పబోతే అత్తయ్య ఊరుకుంటేనా! ఆ వారమంతా ఇద్దరూ కుర్చీల్లో కూర్చుని ఒకరినొకరు పరామర్శించుకున్నారు. వంట నేను చేశాను.