రాహుకాలం తప్పించి కొట్టిన టికెట్

మీ ఇంటి మనిషి మధ్యలో విమానం మారాల్సి వస్తే, అక్కడ ఎన్ని గంటలు ఆగాలో మీరు ఎవరిని అడుగుతారు? టికెట్ కొట్టేవాణ్నా, గోడకు వేలాడే క్యాలెండర్‌నా?

2023 చలికాలం. కరీంనగర్‌లోని మా ట్రావెల్స్ దుకాణానికి చొప్పదండి వైపు పల్లె నుంచి ముగ్గురు వచ్చారు. దమ్మామ్‌లో క్రేన్ నడిపే గంగాధర్, అతని భార్య లావణ్య, తండ్రి పోయిన ఆ ఇంటికి పెద్దదిక్కయిన పెద్దనాన్న, వాళ్ల మాటలో పెద్దబాపు, మల్లయ్య. వచ్చే సోమవారంతో గంగాధర్ రీఎంట్రీ వీసా ముగుస్తుంది. సెలవుకు వచ్చినవాడు తిరిగి ఆ దేశంలో అడుగుపెట్టడానికి ఉండే గడువు అది. దాటితే పదకొండేళ్ల కొలువు పోయినట్టే.

"గింత ఆఖరు దాంక ఎందుకాగిన్రు?" అన్నాను.

"శనివారం పయనమెట్ల పెట్టుకుంటం సారూ? ఆదివారం పడమరకు వారశూల, అటు దిక్కు పోవద్దు. సోమవారమొక్కటే మంచిగున్నది," అన్నాడు మల్లయ్య.

సోమవారానికి ఒక చక్కని టికెట్ ఉంది. హైదరాబాద్‌లో ఉదయం ఎనిమిదికి ఎక్కితే ముంబైలో తొమ్మిదిన్నరకు దిగుతాడు. దమ్మామ్ విమానం సాయంత్రం నాలుగింటికి. రెండు విమానాల మధ్య ఆగే ఈ సమయాన్నే లేఓవర్ అంటాం. ఆరున్నర గంటలు కూర్చోవాలి, నిజమే. కానీ రెండూ ఒకే పీఎన్ఆర్ మీద ఉన్నాయి, అంటే ఒకే టికెట్. పెట్టె నేరుగా దమ్మామ్ చేరుతుంది. మొదటి విమానం ఆలస్యమైతే తర్వాతి బాధ్యత కంపెనీదే.

మల్లయ్య జేబులోంచి చిన్న పంచాంగం తీశాడు. "సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాంక రాహుకాలం. తొమ్మిది దాటినంక ఉన్నదేదన్న జూడు."

ఉంది. పదకొండున్నరకు వేరే కంపెనీ విమానం, వేరే టికెట్. ఒంటిగంటకు ముంబై, అక్కణ్నుంచి అదే నాలుగింటి దమ్మామ్ విమానం. కాగితం మీద మూడు గంటల లేఓవర్. అయితే టికెట్లు రెండు కాబట్టి పెట్టె తానే తీసుకోవాలి, ఇంకో టెర్మినల్‌కు పోవాలి, మళ్లీ పెట్టె అప్పగించాలి. కౌంటర్ గంట ముందే మూస్తారు. అంటే చేతిలో ఉండేది రెండు గంటలే.

ఇదంతా వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాను. లావణ్య వెంటనే, "పొద్దటిదే కొట్టున్రి సార్. కూసుంటే ఏంబోతది, ఇంత సద్ది కట్టిస్త," అంది.

"నువ్వాగవే," అన్నాడు మల్లయ్య. గంగాధర్ నేల చూశాడు. ఎడారి ఎండలో టన్నుల ఇనుము ఎత్తి దించే మనిషి, పెద్దబాపు ముందు నోరెత్తలేదు.

"కాకా, మీరు ఇంట్లకెళ్లి ఎళ్లేదే రెండు గంటల రాత్రి. గప్పుడు రాహుకాలమెక్కడిది?"

"గడప దాటుడు ఏరు, నేల ఇడుసుడు ఏరు."

చెప్పండి, దీనికేం జవాబివ్వాలి? ఈ పంచాంగం పుట్టిన కాలంలో నేల విడిచిన మనిషే లేడు! నాకు ఒళ్లు మండింది. రాహువుకు ఒళ్లే లేదు, ఆకాశంలో లెక్కకట్టిన ఒక బిందువు మాత్రమేనన్నాను. అదే గంటలో రోజూ వందల విమానాలు లేచి క్షేమంగా దిగుతున్నాయన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "రాహువు మీ చొప్పదండోళ్ల కోసమే కాసుక కూసున్నడా?" అని కూడా అన్నాను. టికెట్ల కోసం కూర్చున్నవాళ్లంతా గొల్లున నవ్వారు. ముసలాయన మొహం బిగుసుకుంది.

"పదకొండున్నరదే కొట్టు. లేకుంటే పక్క దుకాణం లేదా?"

కొట్టాను.

సోమవారం ఆ పదకొండున్నర విమానం గంటంబావు ఆలస్యంగా లేచింది. గంగాధర్ రెండుంబావుకు దిగాడు. పెట్టె చేతికొచ్చేసరికి పది తక్కువ మూడు. టెర్మినల్ మారి కౌంటర్‌కు చేరేసరికి మూడున్నర. "సార్, బంజేసిన్రు. ఇమానం ఇంక ఈడనే ఉన్నది. జర మీరన్న చెప్పున్రి," అని ఫోన్‌లో బతిమాలాడు. నేను ఎవరికి చెప్పగలను? ఆ సాయంత్రం ఇంకో దారి వెతికినా దొరకలేదు. గడువు పోయింది. పొడిగించమని అడిగితే అతని కంపెనీ ఒప్పుకోలేదు.

వారం తర్వాత మల్లయ్య, లావణ్య వచ్చారు. ముసలాయన తన తప్పు ఒప్పుకుంటాడనుకున్నాను. "రాహుకాలమైతే తప్పిచ్చినం సారూ, గని మూఢం నడుస్తున్నదని జూసుకోలే," అన్నాడు!

నేను మళ్లీ నోరు తెరవబోయాను. లావణ్య అడ్డుకుంది. "మీరు మాట గెలిసిన్రు సార్. టికెట్ మాత్రం పెద్దబాపు చెప్పిందే కొట్టిన్రు."

గంగాధర్ ఇప్పుడు ఊళ్లో మరొకరి జేసీబీ నడుపుతున్నాడు. లావణ్య అన్నదే నిజం. ఒక మూఢనమ్మకాన్ని నలుగురి ముందు చిత్తుగా ఓడించి, అది అడిగిన టికెట్‌నే నా చేత్తో కొట్టిచ్చాను. అలాంటి హేతువాదం ఎవరికి పనికొచ్చింది? గడువు నెత్తిమీద ఉన్నవాడికి ఇప్పుడు రెండు టికెట్ల ప్రయాణం కొట్టను. పక్క దుకాణానికి పొమ్మంటాను. వేళాకోళం మానేశాను, కోపం మాత్రం మానలేదు.

కాబట్టి మీకు చెబుతున్నాను. ఆ పంచాంగం మూయండి. టికెట్ ఒకటా రెండా అడగండి. పెట్టె ఎక్కడ చేతికొస్తుందో, కౌంటర్ ఎప్పుడు మూస్తారో అడగండి. మొదటి విమానం రెండు గంటలు ఆలస్యమైతే ఏం గతో అడగండి, నీళ్లు నమలకుండా జవాబొస్తేనే పైసలివ్వండి. అన్నిటికంటే ముందు, విమానమెక్కే మనిషిని ముందు కుర్చీలో కూర్చోబెట్టండి. అతణ్ని మాట్లాడనివ్వండి.