పరగడుపు షుగర్

కూసో బిడ్డా, ఆ ఫోన్ పక్కకు పెట్టి సక్కగ ఇను. నేను చెప్పింది చెప్పినట్లు రాయి. పొద్దుగాల మీ నాయిన స్కానింగ్ కాయితం పట్టుకొని, ‘లివర్ల కొవ్వట’ అని నవ్వినప్పటి సంది నా కడుపు మండుతున్నది. నవ్వే ముచ్చటనా అది? ఎయిర్‌పోర్టు కొత్తగ తెరిచిన దినాలల్ల మీ తాతకు గూడ గదే రాసిండ్రు.

మీ తాత మెడల తులసిమాల ఉన్న మనిషి. మాల వేసుకున్నోడు కల్లు ముట్టడు, అబద్ధమాడడు. చావుకాడ, పెండ్లికాడ అందరు తాగుతుంటే ఆయన చాయ్ తాగి లేస్తుండె. గసొంటోనికి లివర్ ఖరాబైందంటే ఊరు ఊకుంటదా? సొంత తమ్ముడే, ‘ఏందన్నా, దొంగసాటుగ ఏడ తాగుతున్నవ్?’ అని నల్గుర్ల నవ్విండు. వాని నోట్ల మన్ను వడ! తాగుడు కాదు బిడ్డా, కుర్చీ. ఎయిర్‌పోర్టు కింద మన భూమి పోయినంక గగన్‌పహాడ్‌ల ఒక గోదాం కాడ కావలి పని దొరికింది. పొద్దంత నాగలెంబడి నడిచిన మనిషి కదలకుండ కూసునుడు, గంటకో తియ్యటి చాయ్.

ఇగ షుగర్ వచ్చింది. నేను చక్కెర డబ్బా అల్మార్ల పెట్టి తాళమేసిన. పొద్దుగూకంగనే రెండు జొన్నరొట్టెలు తిని పండుకుంటుండె. అయినా పొద్దుగాల పరగడుపున చూస్తే షుగర్ మస్తుగుంటుండె! ‘లడ్డూలు ఏడ దాచినవ్?’ అని మొత్తుకున్న. ఆయన మాల పట్టుకొని, ‘దీని మీద ఒట్టు, ఏం ముట్టలేదే’ అన్నడు. ‘ఒట్లు గిట్లు నాకొద్దు, నెత్తురు అబద్ధమాడ్తదా?’ అన్న. మాల తీసి దేవుని అర్రల పెట్టిండు.

వారం తర్వాత డాక్టరమ్మ నన్ను కూసోబెట్టి చెప్పింది: ‘ఆయన దొంగతనంగా ఏమీ తినట్లేదమ్మా. లివర్ కొవ్వుతో నిండితే ఇన్సులిన్ మాట వినదు. మనిషి తినకపోయినా లివరే చక్కెర తయారు చేసి రక్తంలోకి వదులుతుంది.’

ఈ ముక్క ముందుగాల చెప్తే నీ సొమ్మేం పోయింది తల్లీ! ఆమె మీద కోపం, మరిది మీద కోపం, అందరికంటె నా నోటి మీద కోపం. ఇంటికొచ్చి మాల ఆయన చేతిల పెట్టి, ‘తప్పు నాది, వేసుకో’ అన్న.

‘నువ్వే నమ్మనంక ఇదెందుకే?’ అన్నడు.

నడిచిండు, బరువు తగ్గిండు, షుగర్ దిగింది. మాల మాత్రం మల్ల మెడకెక్కలె. కాలం అన్ని మాన్పుతదంటరు గని ఉత్తదే బిడ్డా. కాలం దాని తొవ్వన అది పోతది, మనమన్న మాటను మాత్రం అన్నకాడనే నిలవెట్టి...

‘అత్తమ్మా, రొట్టెలు సల్లారుతున్నయ్!’

వస్తున్ననే!