తోక మార్చిన ఫైలు

ఫోరస్ రోడ్డు పక్క గల్లీలో రేణుకది ఒక్క బల్ల, ఒక్క కంప్యూటరు ఉన్న దుకాణం. తాత పాలమూరు నుంచి వచ్చి ఈ బొంబాయిలో కూలికి మేడలు కట్టాడు. మనవరాలు తాముండే చాల్‌లో, ఆ ఇరుకు గదుల వరస మేడలో, అందరికీ ఫారాలు నింపుతుంది. కంప్యూటరు ఆమెకు ఎవరూ నేర్పలేదు. కుస్తీ పట్టి తనే నేర్చుకుంది, అందుకే కాస్త పొగరు కూడా. 'జేపీజీ ఫొటోయే కావాలి' అని సైటు తిప్పికొడితే, ఫైలు పేరు చివరి అక్షరాలు చెరిపేసి జేపీజీ అని కొట్టేది. సైటు నోరు మూసుకుని తీసుకునేది. ఈమాత్రం దానికి జనం కోర్సులెందుకు చేస్తారోనని నవ్వుకునేది.

ఆ సాయంత్రం నాలుగూ నలభైకి ఆ నవ్వు కాస్తా పోయింది.

ఎదుట కాజల్ కూర్చుంది. వెనక తల్లి మల్లమ్మ, కట్టడం పని నుంచి నేరుగా వచ్చి నిలబడింది. నర్సు శిక్షణ ఫారానికి ఐదింటితో గడువు. పోయినేడు కాజల్‌కు సీటు రాలేదు. ఈసారీ రాకపోతే తనతోపాటు తట్టలు మోయాల్సిందేనని మల్లమ్మ తేల్చేసింది. మార్కుల కాగితం చూస్తే మొన్నటి వానకు చాల్ కప్పు కారి ముద్దయింది. దాన్ని ఫొటో తీసిన సెకండ్‌హ్యాండు ఫోను ఎప్పుడో నాగ్‌పాడా బజారులో అమ్మేశారు. మిగిలింది పోయినేడు రేణుక పేరు చివర మార్చి పంపి, దాచిన ఫైలొక్కటే.

ఈ ఏడు సైటు కొత్తది. పంపేముందు ఫొటో చూపిస్తోంది. రేణుక ఫైలు ఎక్కించింది. ఖాళీ డబ్బా కనిపించింది. మళ్లీ ఎక్కించింది. మళ్లీ ఖాళీయే.

ఆమె ఫైలు వివరాలు తెరిచి చూసింది. అది ఐఫోనుతో తీసిన ఫొటో. పేరు మార్చినంత మాత్రాన మిగతావాటిలా తెరుచుకునే రకం కాదు. అంటే పోయినేడు కాలేజీ వాళ్లకు చేరింది కూడా ఈ ఖాళీ డబ్బాయే.

"ఏమైందే బిడ్డా, గట్ల కూసున్నవ్?" అంది మల్లమ్మ.

"రేణుకా తాయీ, జల్దీ! ఐదింటికి పంద్రా మినిటే ఉంది," అంది కాజల్.

రేణుక ఫైలుకు పాత పేరు పెట్టి, ఫొటోలను నిజంగా మార్చే సైటులో వేసింది. చక్రం తిరుగుతూనే ఉంది. నాలుగూ యాభై రెండుకు జేపీజీ చేతికొచ్చింది. ఫారం సైటు 'ఫైలు పెద్దది' అంది. తగ్గిస్తే అంకెలు అలుక్కుపోయాయి. చెమట తుడుచుకోకుండానే ఇంకోసారి, ఈసారి కొంచెమే తగ్గించింది. నాలుగూ యాభై ఎనిమిదికి డబ్బాలో కాజల్ పేరు, మార్కులు స్పష్టంగా కనిపించాయి. పంపేసింది.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఆమె వల్ల కాలేదు.

"అత్తా, పోయినేడు సీటు కాజల్ మార్కులు తక్కువై పోలే. ఫొటో నేనే సరిగ్గ మార్చలే. తప్పు నాదే."

మల్లమ్మ విరుచుకుపడుతుందని రేణుక తల వంచుకుంది. మల్లమ్మ ఆమె వైపే చూడలేదు. కూతురి వైపు తిరిగింది.

"ఏడాదంత మొద్దుదానివని తిట్టిన గదనే. బాగనే రాసిన్నని ఒక్కసారన్న చెప్పొద్దా?"

"చెప్పిన అమ్మా," అంది కాజల్. "నువ్వు నమ్మలే."