రత్నమ్మక్క డ్రమ్ము

మా రత్నమ్మక్క దొనకొండ దగ్గర మా ఊరికి ఆశా కార్యకర్త. పన్నెండేళ్లు ఇంటింటికీ తిరిగి చెప్పులు అరగదీసింది చాలదని, పైవాళ్లు వాట్సాప్ కూడా ఆమె నెత్తిన పెట్టారు. ఊరంతా ఉండేది ఒక్క చర్చి గ్రూపులోనే కాబట్టి ఆరోగ్యం పోస్టర్లన్నీ అందులోనే పెట్టేది. ఆ పోస్టర్లలో దోమ ఆవగింజంత, అధికారుల ఫొటోలు గుమ్మడికాయలంత. ఎవరు చదువుతారు? చదవకుండానే 'ఆమెన్' అని కొట్టేవాళ్లం. ఆ గ్రూపులో ఏది పడినా మా వేలికి వచ్చే మాట అదొక్కటే.

"ఊళ్లో ముగ్గురికి డెంగీ" అని పెడితే నలభై మూడు ఆమెన్లు పడ్డాయి. అందులో ఒకటి నాది.

అక్క నా కుట్టు మిషను దగ్గరికొచ్చి నిలదీసింది.

"ఏంది పాల్ రాజూ, జొరాలొచ్చినాయంటే ఆమెన్ అంటావా?"

"అలవాటులో కొట్టేసినానక్కా."

"డ్రమ్ము కడిగినావా?"

"పోస్టరేమో శుక్రవారం నీళ్లు పారబోయమంటాది. ట్యాంకరొచ్చేది గురువారం. వచ్చిన నీళ్లు మర్నాడే పారబోసుకోను నాకేమన్నా పిచ్చా?"

"అందుకే మనం బుధవారం కడుగుదామని కింద రాసినాను గదరా! చదివితే గదా!"

ఆ కోపం వెనక భయముంది. ఆమె కూతురు రూబీ ఏడో నెల కడుపుతో కాన్పుకు పుట్టింటికి వచ్చింది.

బుధవారం పొద్దున రూబీకి ఒళ్లు కాలిపోయింది. మొగుడు తిమోతి ఆమెను రక్త పరీక్షకు మార్కాపురం తీసుకుపోయాడు. అక్క పెరట్లోకెళ్లి తన డ్రమ్ము మూత ఎత్తింది. ఊరందరి డ్రమ్ములూ చూసే మనిషికి సొంత డ్రమ్ము చూసుకునే తీరిక ఎప్పుడు దొరికింది గనక?

పది నిమిషాల్లో గ్రూపులో వీడియో పడింది. నీళ్లలో పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. వెనక అక్క గొంతు వినిపిస్తోంది.

"ఇది ఎవురి డ్రమ్మో కాదు, నాదే. మీకు నీతులు చెప్పి, నా బిడ్డ మంచం పక్కనే దోమల్ని మేపినాను. ఎవురూ ఆమెన్ పెట్టబాకండి. ఉన్న నీళ్లు గుడ్డలో వడగట్టి బిందెల్లో పోసుకోండి. డ్రమ్ము రుద్ది, బోర్లించి, ఫొటో పెట్టండి."

ఆ వీడియో చూడనివాళ్లు లేరు. పక్కింటి పెరట్లో పురుగులంటే మాకు సినిమా కింద లెక్క. చూశాక మాత్రం ఎవరి మూత వాళ్లు ఎత్తుకున్నారు. సాయంత్రానికి గ్రూపు నిండా బోర్లించిన డ్రమ్ములే.

అన్నిటికన్నా చివరిది నాది. రేపు ట్యాంకరు రాకపోతే ఎట్లా అని పొద్దుగూకేదాకా డ్రమ్ము చుట్టూ తిరిగాను. మూత తీస్తే అందులోనూ అవే పురుగులు. మా పెరటికీ అక్క పెరటికీ మధ్య ఉన్నది ముళ్లకంపే. ఆ కంపకు అవతలే రూబీ మంచం. సిగ్గుతో చచ్చిపోయాను.

నా ఫొటో పెట్టిన కాసేపటికి అక్క మెసేజ్ వచ్చింది: "రూబీకి డెంగీ కాదంట. మామూలు జొరమే."

ఆమెన్ కొట్టబోయి వేలు వెనక్కి తీసుకున్నాను. అందరూ అట్లాగే ఆగిపోయినట్టున్నారు, గ్రూపులో చప్పుడు లేదు.

నిమిషం తర్వాత అక్కే మళ్లీ రాసింది: "ఇప్పుడు పెట్టండ్రా."